తోక మనది, తల వాళ్లది

సాగర్ రోడ్డు మీది ఆదిబట్లలో టాటా-బోయింగ్ వాళ్లు 737 విమానానికి తోక రెక్క చేస్తున్నారు. తోక బాగానే ఉంది, రోగమంతా అమెరికాలో ఉన్న తలకే. రెండు 737 మ్యాక్స్ విమానాలు కూలి 346 మంది పోయాక, 2019 డిసెంబరులో బోయింగ్ పెద్దసారును సాగనంపారు. ఆయన దాదాపు 6.2 కోట్ల డాలర్లు మూటగట్టుకునే దిగాడు. మూడు నెలలు తిరక్కుండానే కరోనా పేరు చెప్పి, విమాన తయారీ రంగానికి 6,000 కోట్ల డాలర్ల ఆసరా కావాలని కంపెనీ సర్కారు ముందు చెయ్యి చాపింది. బదులుగా వాటా అడిగితే మాత్రం ఒప్పుకోనన్నాడు కొత్త పెద్దసారు. అడుక్కునేదాంట్లోనూ ఎంత దర్జా!

పంట లోను కట్టలేదని నోటీసు అందుకున్న దేవరకద్ర రైతన్నా, ఈసారి బ్యాంకు ఫారంలో వృత్తి దగ్గర ‘విమానాల తయారీ’ అని రాయించు.