తనిఖీ అధికారి ముంగిసగారి సముఖానికి

శ్రీయుత ముంగిసగారికి,
పెరటి కోళ్ల తనిఖీ విభాగం,
మా దొడ్డి వెనక రాళ్లకుప్ప.

విషయం: మా కోళ్లగూటిలో తమరు జరిపిన ఆకస్మిక తనిఖీ – సరిదిద్దిన లోపాలపై నివేదిక – సమర్పించుట గురించి.

సూచిక: గూటి తలుపు కింద తమరు తవ్విన కన్నం.

అయ్యా,

తమరి తనిఖీలో మా కుంటి పెట్ట పోయింది. ఈకలు గూటి దగ్గర మొదలై, నిమ్మచెట్టు మీదుగా తమరి కార్యాలయం దాకా వరసగా పడున్నాయి కాబట్టి వచ్చింది ఎవరన్న అనుమానం మాకు లేదు. పక్కింటివాళ్లు పిల్లి పని అన్నారు. తలుపు కింద అంత శుభ్రంగా మట్టి తోడడం పిల్లికి చేతకాదని, అది తమరి శాఖ పనితనమేనని తమరి తరఫున నేనే వాదించాను.

తమరి అధికారాన్ని ప్రశ్నించడానికి ఈ లేఖ రాయడం లేదు. ప్రశ్నించినా ఒరిగేదేమీ లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తమరి పక్షాన ఉంది. ఉచ్చు పెట్టి పట్టినా, చంపినా, తమరి వెంట్రుకలతో బొమ్మలు గీసే కుంచెలు చేసి అమ్మినా జైలుకు వెళ్లేది మేమే. మా పెట్ట పక్షాన మాత్రం ఓ వెదురు తడిక తప్ప మరేదీ లేదు. ఎరువుల కొట్టు అరుగు మీద కూర్చునే పెద్దమనుషులు "గుడ్డులో గుళికలు పెట్టి వదిలెయ్, మళ్లీ రాదు" అని ఉచిత సలహా ఇచ్చారు. ఆ గుడ్డు తమరే తింటారని పూచీ ఏముంది? కాకి తినొచ్చు, వీధికుక్క తినొచ్చు, మా పుంజే పొడవొచ్చు. పైగా అదీ నేరమే. ఆ సలహాను దస్త్రంలో చేర్చలేదు.

ఇక నివేదిక. గూటినిండా కోళ్లుండగా తమరికి కుంటిదే ఎందుకు చిక్కిందన్నది మొదటి ప్రశ్న. తమరు వచ్చింది పొద్దు పొడిచే వేళ. మిగతావన్నీ అడ్డకర్ర మీదున్నాయి. కాలు సలిపే కోడి కర్ర ఎక్కలేదు. నేల మీదే, అదీ తలుపు వారనే ముడుచుకు పడుకుంటుంది. బయట తిరిగేటప్పుడైనా అంతే. పుంజు హెచ్చరించగానే తక్కినవి గోడెక్కితే, ఇది రెండడుగులు కుంటి ఆగిపోతుంది. అంటే తమరు కన్నం తీయడానికి చాలా ముందే, పాదం పాడైన రోజునే, దాని పేరు తమరి జాబితాలోకి ఎక్కింది. ఊళ్లో అందరూ గూటి తాళం గురించే మాట్లాడతారు గానీ కోడి కాలు ఎత్తి చూసేవాళ్లు లేరు.

తమరు ఒక కాలు వదిలి వెళ్లారు. అందుకు కృతజ్ఞతలు. ఇంత స్పష్టమైన ఆధారం జతచేసిన తనిఖీ నివేదిక మాకు ఏ కార్యాలయం నుంచీ అందలేదు. పాదం అడుగున, నడిమెత్తలో, చింతగింజంత నల్లటి పెచ్చు ఉంది. దాని వెనక కథ ఇదీ: ఎత్తయిన కర్ర మీంచి గట్టి సిమెంటు నేల మీదికి రోజూ దూకినా, ముల్లో తీగ మొనో గుచ్చుకున్నా, తడిసిన ఊకలో నానినా పాదం చర్మం చిట్లుతుంది. ఆ చీలికలోంచి స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా లోపలికి దిగుతుంది. మనుషుల పుండులో చీము కారుతుంది. కోడి చీము కారదు, లోపలే గట్టిపడి ముద్ద కడుతుంది. అందుకే దాన్ని పిసికి లాభం లేదు. పిసికితే రోగం ఇంకా లోతుకు పోతుంది, వదిలేస్తే ఎముకదాకా పాకుతుంది.

పాదం ఎర్రబడి కాస్త వాచినప్పుడే చూస్తే ఇంట్లోనే తగ్గుతుంది. గోరువెచ్చని నీళ్లలో ఎప్సమ్ ఉప్పు కలిపి పది పదిహేను నిమిషాలు కాలు నానబెట్టి, తుడిచి ఆరనిచ్చి, పొవిడోన్ అయోడిన్ రాసి, మెత్తటి గాజుగుడ్డ చుట్టి, పొడి ఊక మీద విడిగా ఉంచాలి. కట్టు తడిస్తే మార్చాలి. చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఆ బ్యాక్టీరియా మన చేతి గాటులోకీ దూరగలదు. నల్ల పెచ్చు కట్టి, లోపల ముద్ద తగులుతుంటే మాత్రం పశువైద్యుడి దగ్గరికే. గెడ్డం గీసుకునే బ్లేడుతో ఇంట్లో కోసే శూరులు ఉన్నారు. వాళ్ల కాలికి ఆ గడ్డ లేస్తే ఆ బ్లేడు ఒప్పుకుంటారా అని అడగాలనిపిస్తుంది. మందు వాడినన్నాళ్లూ, ఆపేశాక డాక్టరు చెప్పినన్నాళ్లూ ఆ పెట్ట గుడ్లు తినకూడదు.

తమరి జాబితాలోకి ఎక్కడానికి రెండో దారి కాళ్ల గజ్జి. కాలి పొలుసులు పైకి లేచి, తెల్లటి పొక్కులు కట్టి, కాలు లావెక్కుతుంది. మా అత్తగారు దాన్ని "ముదిరిన కాలు" అంటారు. వయసు కాదు, పొలుసుల కింద కాపురం పెట్టిన కంటికి ఆనని పురుగు అది. ఒక కోడి నుంచి ఇంకోదానికి మెల్లగా పాకుతుంది కాబట్టి ఒకదానికి కనిపిస్తే అన్నిటి కాళ్లూ చూడాల్సిందే. కిరసనాయిలు పూయడం మా వైపు తాతల నాటి వైద్యం. పురుగుతో పాటు చర్మమూ మాడుతుంది. సబ్బునీళ్లలో నానబెట్టి, పాత పళ్లబ్రష్షుతో మెత్తగా రుద్ది, వాజలీన్ గానీ కొబ్బరినూనె గానీ దట్టంగా పట్టిస్తే పురుగుకు ఊపిరాడదు. వారానికోసారి కొన్ని వారాలు చేయాలి, కర్రలు కడగాలి. పొక్కులు బలవంతాన పీకకూడదు. ముదిరితే ఐవర్‌మెక్టిన్ ఉంది, అది డాక్టరు తూచి ఇవ్వాల్సిన మందు.

మూడో దారి దారాలు. వాటి సంగతి ఒక్క మాటలో: గోనెసంచి పోగో, ఆడవాళ్ల వెంట్రుకో వేలికి చుట్టుకుంటే నెత్తురాగి వేలు నల్లబడి రాలిపోతుంది. గుర్తు కోసం కాలికి గుడ్డపీలిక కట్టి మరిచిపోయినా ఇదే గతి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన గోదావరి జిల్లాల్లో సంక్రాంతి పుంజుకు జరిగే సేవ తమరూ రాళ్లకుప్ప మీంచి చూసే ఉంటారు. దానికి బాదంపప్పులు, ఈత, ఒళ్లంతా మర్దన. కత్తి కట్టే కాలు గనక ఆ కాలి మీదే అందరి చూపూ. ఏడాది పొడుగునా గుడ్డు పెట్టే పెట్ట పాదాన్ని తిప్పి చూసే తీరిక మాత్రం ఎవరికీ లేదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థవారు తమరిని దృష్టిలో పెట్టుకునే వనరాజా కోడికి పొడుగు కాళ్లిచ్చారు, పరిగెత్తి తప్పించుకుంటుందని. మేమేమో చేతికందిన గింజలన్నీ పోసి దాన్ని బరువెక్కిస్తాం. ఆ బరువు మోసి మోసి పాదం గడ్డ కడుతుంది. పొడుగు కాళ్లు అలంకారానికి మిగులుతాయి.

ఇక సరిదిద్దిన లోపాలు. అడ్డకర్రను 2 అడుగుల ఎత్తుకు దించాం; 2 అంగుళాల వెడల్పు, అంచులు గుండ్రంగా చెక్కినది. కింద పొడి ఊక, తడిసిన చోట వెంటనే మార్పు. మొదట వేసిన సన్న తీగ జాలీ కోళ్లను లోపల ఉంచడానికే గానీ తమరిని బయట ఉంచడానికి కాదని తేలింది గనక అరంగుళం గళ్ల వెల్డ్‌మెష్ వేశాం. దాన్ని గోడ దగ్గర ఆపకుండా బయటికి అడుగున్నర మేర నేల మీద పరిచి, మట్టి కప్పి, రాళ్లు పెట్టాం. తమరి వాళ్లు గోడ మొదట్లోనే తవ్వుతారు, వెనక్కి జరిగి తవ్వాలని తట్టదు. తలుపుకు గడియ మీద కొక్కెం. పొద్దు వాలకముందే మూత, బాగా తెల్లవారాకే తెరుపు.

తమరిది పగటి డ్యూటీ అని తెలుసు. రాత్రి డ్యూటీ అడవిపిల్లిగారిది, వారికీ ఇదే గూడు, ఇదే గడియ. వైమానిక విభాగం గద్దలకు పాత చేపలవల పైన కట్టాం. తళతళలాడే సీడీలు కూడా వేలాడదీశాం గానీ గద్దకు వాటి మోసం కొన్నాళ్లకే తెలిసిపోయింది. మా పుంజు మాత్రం నమ్మకమైన ఉద్యోగి. పైనుంచి గద్ద వస్తే ఒక కూత, నేల మీద తమరు కనిపిస్తే ఇంకో కూత. ఆ తేడా పెట్టలకు తెలుసు. ఎదురింటివారి గిన్నికోళ్లు ఎవరొచ్చినా ఒకే గోల చేస్తాయి, పోస్ట్‌మ్యాన్ వచ్చినా సరే.

చివరగా తమరి బదిలీ ప్రతిపాదన. మా వడ్లగాదె కింద పందికొక్కులు, గడ్డివాము చుట్టూ పాములు ఉన్నాయి. ఆ రెండు విభాగాల్లో తమరికున్న పేరు ఊరందరికీ తెలిసిందే. అక్కడ తనిఖీకి మా తరఫున ఏ అభ్యంతరమూ లేదు, వేళాపాళా కూడా లేదు. కోళ్ల విభాగం బాధ్యతలు ఇకపై తమరికి భారమని భావించి, మాన్యులు ఈ బదిలీకి సమ్మతించగలరని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
గూటి యజమాని.

ప్రతి: శ్రీ గద్దగారికి, శ్రీ అడవిపిల్లిగారికి – సమాచారార్థం. వీధికుక్కలకు ప్రతి పంపలేదు. వాటికి శాఖ లేదు, చిరునామా లేదు, తినే ఉద్దేశం లేకుండానే గూడంతా చంపి పోయే వాటికి లేఖ కంటే తుమ్మకంప మేలు.