మూడు గదుల ఎలుక: టీకా తాత్పర్య సహితము

అవతారిక

ఈ చాటువు ఎవరిదో తెలియదు. పాతపట్నంలో, రోడ్డు వైపు ముఖం పెట్టిన ఒకానొక ఇంట్లో పుట్టిందని మాత్రం పద్యమే సాక్ష్యం చెబుతోంది. పొడుగాటి ఇల్లు. గదులు పక్కపక్కన ఉండవు, ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందు గదిలో కొట్టు, అందులో ఒక కంప్యూటరు: దరఖాస్తులు, అడంగలు కాపీలు, రైలు టికెట్లు, జిరాక్సు. నడిమి గదిలో స్కానరు తగిలించిన ముసలి కంప్యూటరు. వెనక గదిలో రంగుల ప్రింటరు ఉన్న మూడోది. కొట్టులో కూర్చున్నాయన గిరాకీని వదిలి లేవలేడు. లేవకుండానే మూడింటినీ ఆడించే ఉపాయం వెతుక్కుంటున్న రోజుల్లో ఈ పద్యం చెప్పి ఉంటాడు.

వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడికి ఇంత దగ్గరలో కూర్చుని ‘అనగా’, ‘అని అన్వయము’ అంటూ రాయడం కొంచెం సాహసమే. కానీ పద్యం గ్రాంథికంలో ఉంది. టీకకు వేరే దారి లేదు.

మూలము

ఎలుక యొకటితోడ నేలవచ్చును మూడు
గదులలోని యట్టి గణకవితతి
నింటివారి నెవ్వ డేలగా గలవాడు
పాతపట్నవాస! పలుకుమయ్య

ప్రతిపదార్థము

పాతపట్నవాస = పాతపట్నంలో కాపురం ఉండేవాడా; ఎలుక యొకటితోడన్ = ఒక్క మౌస్‌తోనే; మూడు గదులలోని యట్టి = మూడు గదుల్లోనూ ఉన్నటువంటి; గణకవితతిన్ = కంప్యూటర్ల గుంపును; ఏలవచ్చును = చెప్పుచేతల్లో పెట్టుకోవచ్చు; ఇంటివారిన్ = ఆ గదుల్లో మసలే మనుషులను; ఏలగా గలవాడు = అలా పెట్టుకోగలిగినవాడు; ఎవ్వడు = ఎవడున్నాడు; పలుకుమయ్య = చెప్పవయ్యా.

తాత్పర్యము

యంత్రాలు మాట వింటాయి, మనుషులు వినరు. ఇంత చిన్న సంగతికి ఆటవెలది ఎందుకని అడిగేవారు కింది విశేషాలు చదవాలి.

విశేషములు

‘ఎలుక’ అన్నాడు, కీబోర్డు అనలేదు. ఎలుక ఉన్నచోట మీటల పలక ఉండకపోదు కనుక ఇది ఉపలక్షణం. ఒకటి చెబితే దాని తోడుది కూడా చెప్పినట్టే. ఇంతవరకు కవికి మన్నింపు ఉంది.

‘ఏలవచ్చును’ అన్నచోటే చిక్కు. ఎలా ఏలవచ్చును? ఒక దారి పెట్టె దారి. కీబోర్డు, మౌస్, తెర ఒక పక్క గుచ్చి, కంప్యూటర్లన్నిటినీ రెండో పక్క గుచ్చే చిన్న పెట్టె ఇది. కీబోర్డు, వీడియో, మౌస్ అనే మూడు మాటల మొదటి అక్షరాలు కలిపి దీన్ని కె.వి.ఎం. స్విచ్చి అంటారు. ఆ పేరు పెట్టింది సైబెక్స్ కంపెనీ స్థాపకుడు రెమీజియస్ షాటస్, 1995లో. దశాబ్దాలుగా ఏ పనీ లేకుండా కీబోర్డు మీద కూర్చుని తింటున్న స్క్రోల్ లాక్ మీటకు ఈ పెట్టెల పుణ్యమా అని ఉద్యోగం దొరికింది. చాలా పెట్టెల్లో దాన్ని రెండుసార్లు నొక్కితే ఏలుబడి తరవాతి కంప్యూటరుకు మారుతుంది. మారిన ప్రతిసారీ వదిలేసిన కంప్యూటరు తన తెర ఊడిపోయిందనుకుంటుంది. అంతవరకు శ్రద్ధగా సర్దుకున్న కిటికీలన్నీ ఒక మూలకు తోసేస్తుంది. తెర ఇంకా ఉన్నట్టే దాన్ని నమ్మించే పెట్టెలూ ఉన్నాయి, వాటి ధర వేరు.

ఈ పెట్టెకు మరో గుణం ఉంది, ఇది బల్ల విడిచి పోదు. యూఎస్‌బీ తీగకు ప్రమాణం ఒప్పుకునే పొడవు 5 మీటర్లు. ముందు గది నుంచి వెనక గదికి రెండు గోడలు, ఒక నడవ, నడవలో బియ్యం డ్రమ్ము. 5 మీటర్లు డ్రమ్ము దగ్గరే అయిపోతాయి. నెట్‌వర్కు తీగ మీద సంకేతాన్ని సాగదీసే ఎక్స్‌టెండర్లు కొంటే వెనక గది అందుతుంది. అప్పుడు పెట్టె కన్నా దాని తోక ఖరీదు.

రెండో దారి తీగ లేనిది. 2001లో క్రిస్ షోనమన్ రాసిన సినర్జీ, 2011లో మైక్రోసాఫ్ట్ వదిలిన మౌస్ వితవుట్ బోర్డర్స్ ఈ జాతి సాఫ్ట్‌వేర్లు. రెండోది నాలుగు కంప్యూటర్ల వరకు కలుపుతుంది. బాణం ఈ తెర అంచు దాటితే పక్క తెర మీద తేలుతుంది. ఇక్కడ కాపీ చేసింది అక్కడ పేస్టు చేసుకోవచ్చు. ‘ఎలుక యొకటితోడ’ అనే మాటకు అక్షరాలా సరిపోయేది ఇదే. కవి మనసులో ఉన్నదీ ఇదేనని మా నిర్ణయం.

ఆక్షేపము: ఈ సాఫ్ట్‌వేరు చేతి కదలికను మోసుకుపోతుంది గాని తెర మీది బొమ్మను వెనక్కి తీసుకురాదు. కంప్యూటర్లన్నీ ఒకే బల్ల మీద, కళ్లెదుట ఉన్నాయనుకుని దీన్ని రాశారు. వెనక గదిలోకి పంపిన బాణం అక్కడ ఏం చేస్తోందో ముందు గదిలో కూర్చున్న ఏలిక ఎలా చూస్తాడు? ‘ఎలుక’ అనే మాటలోంచి కీబోర్డును లాగగలిగాం. తెరను ఎలా లాగుతాం? లాగలేం. కనుక పద్యంలో న్యూనపదదోషం ఉంది, చూపు అనే పదం లోపించింది.

ఇది వ్యాఖ్యాత కల్పించిన దోషం కాదు. మౌస్‌ను లోకానికి చూపించినవాడికి ఈ సంగతి మొదటిరోజే తెలుసు. 1968 డిసెంబరు 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కో వేదిక మీద కూర్చుని సుమారు 30 మైళ్ల అవతల మెన్లో పార్కులో ఉన్న కంప్యూటరును నడిపాడు. చేతి కదలికలు పంపడంతో ఊరుకోలేదు. అక్కడి బొమ్మను మైక్రోవేవ్ మీద సభలోకి తెప్పించి పెద్ద తెర మీద వేయించాడు. మన కవికి ఆ శ్రమ లేదు, ‘వచ్చును’ అనేశాడు.

బొమ్మను కూడా తెచ్చే మూడో దారి ఉంది కదా అంటారేమో. ఉంది. విండోస్‌లో రిమోట్ డెస్క్‌టాప్ అనేది ఉంది గాని హోమ్ ఎడిషన్ వేసిన కంప్యూటరు బయటినుంచి ఎవరినీ లోపలికి రానివ్వదు. కొట్టుల్లో ఉండేవి ఎక్కువగా అవే. 1998లో కేంబ్రిడ్జిలోని ఆలివెట్టి పరిశోధనశాల నుంచి వచ్చిన వీఎన్‌సీకి ఆ పట్టింపు లేదు. నన్నడిగితే మూడు గదుల ఇంటికి అదే తగినది. అయితే ఆ దారిలో ఏలడమేమీ ఉండదు, ఒక కిటికీ తెరుచుకుని చూడటం ఉంటుంది. పద్యం రాదు.

పాఠాంతరము

నాలుగో పాదానికి వెనక గది ప్రతిలో వేరే పాఠం కనిపిస్తోంది. అక్కడ ‘పాతపట్నవాస’ స్థానంలో వరసగా హెచ్, ఈ, ఎల్, హెచ్, ఆపైన ఒక కొటేషన్ గుర్తు, డి, వి, బి, ఈ, ఎం అనే ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. ఇది శిథిలపాఠమని, పాదం పడిపోయిందని తొందరపడరాదు. ముందు గది కంప్యూటరులో ఇన్‌స్క్రిప్టు అనే తెలుగు మీటల అమరిక ఉంది, వెనక గదిదానిలో ఇంగ్లీషు ఉంది. ఇన్‌స్క్రిప్టులో హెచ్ మీట ప, ఈ మీట దీర్ఘం, ఎల్ మీట త. తోక తగిలించిన పెట్టె మోసుకుపోయేది మీట గుర్తునే, అక్షరాన్ని కాదు. ఏ అక్షరం పడాలో అవతలి కంప్యూటరు తన అలవాటు ప్రకారం తేల్చుకుంటుంది. లేఖకుడు కొట్టింది సరిగ్గానే కొట్టాడు. తాళపత్రాల కాలంలో ఇలాంటి తప్పుకు రాసేవాడి కన్ను, దీపం, పురుగు కారణాలయ్యేవి. ఈ ప్రతికి మాత్రం భాష మార్చే మీట ఎవరూ నొక్కకపోవడమే కారణం. పాఠ పరిష్కర్తలు గమనింతురు గాక.

‘ఇంటివారి నెవ్వ డేలగా గలవాడు’

ఇది శృంగారానికో వైరాగ్యానికో సంబంధించిన పాదమని కొందరు పాడుచేస్తారు. ఇది శుద్ధ యంత్రశాస్త్రం. ఒకే కంప్యూటరుకు రెండు మౌస్‌లు తగిలించినా తెర మీద బాణం ఒక్కటే ఉంటుంది. రెండు చేతుల కదలికలూ దానిలోనే కలుస్తాయి. నాన్న ముందు గదిలోంచి ప్రింటు నొక్కబోతాడు. అదే క్షణంలో వెనక గదిలో కొడుకు తన ఫోటో షీటును సరిచేయబోతాడు. బాణం ఇద్దరి మాటా వింటుంది, ఎవరి పనీ చేయదు.

ఎంగెల్‌బార్ట్ సభలో ఇదీ జరిగింది. మెన్లో పార్కులోని సహచరుడి గుర్తు, తన గుర్తు, రెండూ ఒకే తెర మీద తిరిగాయి. అవతలివాడు వేలు పెట్టి చూపించగలడు, మార్చే అధికారం మాత్రం ఎంగెల్‌బార్ట్‌కే. ఆ సంగతి సభలో నవ్వుతూ చెప్పాడు కూడా. ఏర్పాటు చేసుకున్నవాడు ముందే అధికారం అట్టేపెట్టుకోకపోతే ఆ తరవాత అడిగి లాభం లేదు. పాతపట్నం ఇంట్లో అలాంటి ఏర్పాటేదీ జరగలేదు. అందుకే పద్యంలో ‘ఎవ్వడు’ ప్రశ్నగానే మిగిలింది.

‘పాతపట్నవాస! పలుకుమయ్య’

సంబోధన యతి కోసం పడిందని ఒక మాట ఉంది. కాదు. అంచు దాటడమంటే ఏమిటో ఈ ఊరివాడికి చెప్పనక్కరలేదు. 1900లో నౌపడ నుంచి వేసిన రైలు ఈ ఊరి మీదుగా పర్లాకిమిడి వెళ్లింది. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒడిశా అయింది, పాతపట్నం మద్రాసులోనే ఉండిపోయింది. బాణం తెర దాటినట్టే జనం బజారుకు, పెళ్లిళ్లకు ఆ గీత దాటుతూనే ఉన్నారు. ఒక తేడా ఉంది. వాళ్లకు పర్లాకిమిడి ఏ దిక్కున ఉందో తెలుసు. సాఫ్ట్‌వేరు మాత్రం ‘రెండో కంప్యూటరు ఎడమా, కుడా?’ అని అడుగుతుంది. ఒకదాని వెనక ఒకటిగా ఉన్న గదులకు ఎడమేది, కుడేది? ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటారు. అప్పటినుంచి బాణం కుడివైపు వెళ్లి ఎటు తేలుతుందో ఈ ఊరి నీలమణి దుర్గమ్మ తల్లికే తెలియాలి.

ఇక ‘పలుకుమయ్య’. అందరూ దీన్ని ‘జవాబు చెప్పు’ అని అన్వయించారు. పైన న్యూనపదదోషం పట్టినప్పుడు మేమూ ఈ క్రియను సరిగా చూడలేదు. చూపు లేనిచోట ఏలిక చేయగలిగిందేమిటి? కేక వేయడం. వెనక గదిలో ఉన్నవాడు పలకాలి, బాణం ఎక్కడుందో వాడే చెప్పాలి. చూపు అనే పదం లోపించలేదు, కవి దాన్ని నాలుగో పాదంలో మాటగా మార్చి దాచాడు. దీనికి ప్రయోగం ఆ ఇంటి ముందునుంచి పొద్దున పూట నడిచి వెళ్లేవారికి ఎవరికైనా వినిపిస్తుంది.

‘‘ఒరే గుంటడా! బాణం అగుపిస్తందేటి?’’

‘‘నేదు నాన్నా.’’

‘‘ఇప్పుడో?’’

‘‘ఆఁ, వచ్చీసింది. కుడికి లాగు... ఎక్కువైపోనాది, ఎనక్కి... ఆగాగు. నొక్కీ!’’