బెజవాడ చదువు

మనవాడు బెజవాడలో చదువుతున్నాడు. ఈ మాట చెప్పేటప్పుడు వాళ్ళ నాన్న ‘చదువుతున్నాడు’ దగ్గర గొంతు పెంచుతాడు. మనవాడు ‘బెజవాడలో’ దగ్గర పెంచుతాడు.

అవనిగడ్డలో బస్సెక్కి చల్లపల్లి, కూచిపూడి, పామర్రు, ఉయ్యూరు దాటితే వచ్చేసే ఊరే. అయినా ఫోనులో వింటే దుబాయ్ వెళ్ళినవాడి గొంతులా ఉంటుంది. ‘తిండే పడటం లేదమ్మా’ అంటాడు, పునుగులు నములుతూ.

మాచవరంలో నలుగురు కలిసి తీసుకున్న రూము. అద్దె నలుగురి వాటా, చీపురు ఎవరి వాటాలోనూ లేదు. అన్నం కుక్కర్లో పడేస్తారు, కూర కర్రీ పాయింటు నుంచి. ఒక్క పప్పు ప్యాకెట్టుని నలుగురికి రెండు పూటలు సరిపెట్టే విద్య బీకాంలో చెప్పరు గానీ, చెబితే మనవాడికి డిస్టింక్షనే. ఇంటినుంచి తెచ్చిన మాగాయ బుధవారం దాకా ఆగుతుంది. అరిసెలు మాత్రం మెట్ల మీదే అయిపోతాయి.

హాజరు 75 శాతం ఉండాలన్నది రూలు. ఎన్ని క్లాసులకి వెళ్ళాలో కాదు, ఎన్నింటికి వెళ్ళక్కర్లేదో మనవాడు నోటిలెక్కన చెప్పేస్తాడు. అంత లెక్క వచ్చినవాడు అకౌంట్స్‌లో ఎలా తప్పాడో దుర్గమ్మకే తెలియాలి. ఆవిడకి తెలిసే ఉంటుంది కూడా. మూలా నక్షత్రం నాడు అమ్మవారు సరస్వతీదేవిగా దర్శనమిస్తుందని, తెల్లారకుండానే కొండ మీద క్యూలో నిలబడతాడు. ఏడాది మొత్తమ్మీద మనవాడు సూర్యోదయం చూసేది ఆ రోజే. అమ్మవారికి చూపించిన పెన్ను పరీక్షలో బాగానే రాసింది. ఏం రాయాలో దానికి చెప్పేవాడే లేకపోయాడు.

కాలేజీ మాత్రం సామాన్యమైనది కాదు. 1937 నాటి ఎస్సారార్ కాలేజీ, విశ్వనాథ సత్యనారాయణ తెలుగు పాఠం చెప్పిన చోటు. నిమ్మకూరు నుంచి వచ్చిన ఎన్టీ రామారావు అక్కడ చదివే రోజుల్లోనే, నాటకంలో ఆడవేషానికి ఒప్పుకుని మీసం తీయనని మొరాయించి ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్నాడు. మనవాడికి పాఠాలన్నిట్లో కంఠతా వచ్చింది ఇదొక్కటే. గడ్డం గీసుకోరా అంటే చాలు, ఇదే అప్పజెబుతాడు.

‘ఆయన సైకిలెక్కి హోటళ్ళకి పాలు కూడా పోశాడు బాబూ’ అని ఇంటి ఓనరు మిగతా సగం గుర్తుచేస్తే, ‘అప్పుడు బెంజి సర్కిల్ దగ్గర ఈ ట్రాఫిక్ లేదు కదండీ’ అంటాడు. రూములో సైకిలే లేదన్న సంగతి ఎత్తడు.

ప్రస్తుతానికి మూడు సబ్జెక్టులు మిగిలాయి. నాన్నకి ఒకటని చెప్పాడు, అమ్మకి అసలు చెప్పలేదు. శనివారం సాయంత్రం మాసిన బట్టల సంచితో అవనిగడ్డ బస్సులో మీ పక్కన కూర్చుంటే చదువు సంగతి అడగకండి. ఆదివారం రాత్రి తిరుగు బస్సులో అయితే ఏమైనా అడగండి, రెండు అరిసెలు చేతిలో పెట్టి మరీ జవాబు చెబుతాడు.