సర్వర్ పడిపోనాది, ఎందుకో అడక్కండి

మన దేశంలో పడిపోయిన ప్రతిదానికీ ఏదో ఒక పరామర్శ ఉంటుంది. వంతెన పడితే విచారణ కమిటీ వేస్తారు. ప్రభుత్వం పడితే గవర్నరుగారు మేలుకుంటారు. రూపాయి పడితే రిజర్వు బ్యాంకు రంగంలోకి దిగుతుంది. ఎందుకు పడిందని ఒక్కరూ అడక్కుండా, పడుతూ లేస్తూ, మర్యాదకి ఏ లోటూ రాకుండా కాలక్షేపం చేస్తున్నది సర్వర్ ఒక్కటే.

విశాఖ కూర్మన్నపాలెంలో ఈ మాట వినడానికి దూరం వెళ్లక్కర్లేదు. స్టీల్‌ప్లాంటు ఆర్చి దగ్గర సిటీ బస్సు దిగి, సర్టిఫికెట్టు కోసమో, బిల్లు కోసమో, పాస్‌బుక్కులో ఎంట్రీ కోసమో ఏ కౌంటర్ ముందు నిలబడినా చాలు. ఆఫీసు పేరుతో పనిలేదు, అందరిదీ ఒకటే స్తోత్రం. మొన్న వరసలో నా ముందున్న పెద్దావిడ మాత్రం ఆ స్తోత్రం విని ఊరికే వెనక్కి తిరగలేదు.

“ఏటి బాబూ, ఇయ్యాల కూడా పడిపోనాదా?”

“పడిపోయిందమ్మా. రేపు రండి.”

“నిన్నా అదే సెప్పినావు. అలగ రోజూ పడిపోతంటే ఎవులికైనా సూపించరా?”

కౌంటర్ లోపలి అబ్బాయి నవ్వేశాడు. వరసలో వాళ్లూ నవ్వారు. ఆ గదిలో ఆ పూట ఎవరైనా అడిగిన పనికొచ్చే సాంకేతిక ప్రశ్న అదొక్కటే.

చూపించడానికి డాక్టరు కూడా అక్కర్లేదు మరి. పడిపోయిన యంత్రం పడేముందు తనకేమవుతున్నదో తనే రాసి పెట్టుకుంటుంది. లినక్సు మీద నడిచే సర్వర్ అయితే నల్ల తెర తెరిచి ‘జర్నల్‌సీటీఎల్’ అని కొట్టాలి. పక్కన చిన్న గీత పెట్టి ‘పి’, ఆ వెనకే ‘ఈఆర్ఆర్’, ఇంకో చిన్న గీత, ‘బి’. ఎంటర్. యంత్రం ఈసారి లేచిన దగ్గర్నుంచీ జరిగిన తప్పులన్నీ, వాటిలో ముదిరినవాటితో సహా, ఎర్రటి అక్షరాల్లో వరసగా దిగుతాయి. ఇందుకు లైసెన్సు ఫీజు లేదు, టెండరు పిలవక్కర్లేదు, బెంగళూరు నుంచి మనిషి రానక్కర్లేదు. విండోసులోనైతే ఈవెంట్ వ్యూయర్ అని ఒక బొమ్మల కిటికీయే ఉంది, టైపు చేసే శ్రమ కూడా లేదు.

అందులో ఏముంటుందనుకుంటున్నారు? తెల్లవారుజామున 3 గంటల 12 నిమిషాలకు డిస్కు నిండిపోయింది, రాయడానికి చోటు లేదు అని ఒక లైను. రెండు నిమిషాల తర్వాత డేటాబేసు ఆగిపోయింది అని ఇంకో లైను. ఇంకోరోజు మెమరీ చాలకపోతే లినక్సు కెర్నెల్ ఏదో ఒక ప్రోగ్రామును ఎంచుకుని చంపేస్తుంది. చంపి ఊరుకోదు. ఎవణ్ణి చంపిందీ, వాడి నంబరెంత, వాడు ఎంత మెమరీ తిని కూర్చున్నాడు, అన్నీ తారీఖుతో, టైముతో సహా తన చేత్తోనే రాసి పెడుతుంది. చంపినవాడే ఎఫ్ఐఆర్ రాసి సంతకం పెట్టే ఇలాంటి స్టేషను భూప్రపంచంలో మరోచోట లేదు. ఇంత నిజాయతీగల ఉద్యోగిని పెట్టుకుని, ఆయన రాసిన కాగితం మాత్రం చదవం.

ఈ రాతకోతలకి పద్ధతి కూడా పాతదే. 1980లలో కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఎరిక్ ఆల్మన్ అనే ఆయన సెండ్‌మెయిల్ అనే ఉత్తరాల ప్రోగ్రాము రాస్తూ, దాని బాగోగులు రాసుకోవడానికి సిస్‌లాగ్ తయారుచేశాడు. యంత్రం గోడుకి ఎనిమిది మెట్లు ఉంటాయి: సున్నా అంటే కొంప మునిగింది, మూడు అంటే తప్పు జరిగింది, నాలుగు అంటే జాగ్రత్త, ఏడు అంటే ఊసుపోక కబుర్లు. మన ఆఫీసుల్లో మెట్లు రెండే. ‘చిన్న ప్రాబ్లమండీ’ మొదటిది, ‘పైనుంచే ప్రాబ్లమండీ’ రెండోది. పైనుంచి అంటే విజయవాడో, ఢిల్లీయో, దేవుడో చెప్పరు.

ఇక మరమ్మతు పద్ధతికి వద్దాం. సర్వీసు కుర్రాడు వస్తాడు. బ్యాగు దించకుండానే “ఆఫ్ చేసి ఆన్ చేశారా?” అంటాడు. చెయ్యలేదంటే తనే చేస్తాడు. యంత్రం లేస్తుంది, చప్పట్లు, టీ. కెర్నెల్ తన తాజా కబుర్లు రాసుకునే పలక ఒకటుంది, ‘డీమెసేజ్’ కొడితే కనిపించేది. అది మెమరీలోనే ఉంటుంది గనక కరెంటు తీసి పెట్టగానే తుడిచిపెట్టుకుపోతుంది. జర్నల్‌ను డిస్కు మీద దాచమని ముందే చెప్పి ఉంచకపోతే కొన్ని యంత్రాల్లో అదీ అంతే. సాక్ష్యం మొత్తం మాయం చేశాక కుర్రాడు సర్వీసు రిపోర్టు రాస్తాడు: ‘సిస్టమ్ చెక్ చేయబడింది. ప్రాబ్లం సాల్వ్‌డ్.’ ఏ ప్రాబ్లమో ఆ కాగితంలో ఉండదు. వచ్చేవారం మళ్లీ వస్తాడు, మళ్లీ టీ.

కొంచెం అనుభవం ఉన్నవాడైతే డిస్కు నిండిందని కనిపెడతాడు. ఏం తీసేద్దామా అని వెతికితే అందరికంటే లావుగా యంత్రం రాసుకున్న ఆ చిట్టాలే, అంటే లాగ్ ఫైళ్లే, కనిపిస్తాయి. తీసేస్తాడు. అదే తప్పు సెకనుకోసారి చెప్పి చెప్పి, ఎవరూ వినక లావెక్కిన ఫైళ్లు అవి. విసుగెత్తించిన ఫిర్యాదుదారుణ్ణి గెంటేస్తే ఆఫీసు ఖాళీ అయినట్టు డిస్కు ఖాళీ అవుతుంది. పాత లాగ్‌లను మడిచి, కొన్నాళ్లకు వదిలించే లాగ్‌రొటేట్ అనే పనివాడు లినక్సులో ఎప్పటినుంచో ఉన్నాడు. జర్నల్ అయితే ఫైల్ సిస్టమ్‌లో పదో వంతు, అదీ 4 జీబీ మించకుండా, తనకు తనే గిరి గీసుకుంటుంది. ఇవన్నీ మాన్యువల్లో ఉన్నాయి. మాన్యువల్ చదవడం మాట తర్వాత, ముందు ఎర్రర్ చదవండి చాలు.

ఇదంతా వేరే ఊళ్లో జరిగితే ఇంత బాధపడేవాణ్ణి కాదు. కూర్మన్నపాలెం లాగ్ బుక్కు తెలిసిన ఊరు. ఇందిరాగాంధీ 1971 జనవరి 20న శంకుస్థాపన చేస్తే, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితమిచ్చిన ఉక్కు కర్మాగారం గేటు ముందు పెరిగిన ఊరిది. టిఫిను హోటళ్లూ, ఆటోలూ, అద్దె ఇళ్లూ ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టుల టైములకే అలవాటుపడ్డాయి. లోపల గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులు. వాటి దగ్గర ‘పడిపోయింది, రేపు రండి’ అనడానికి వీల్లేదు. వేడి తగ్గితే కొలిమి లోపలి ఇనుము గడ్డకట్టుకుంటుంది, తర్వాత దాన్ని మామూలు దారికి తేవడం ఎంత నరకమో ఆ డిపార్టుమెంటు వాళ్లని అడగాలి. అందుకే షిఫ్టు మారేటప్పుడు చార్జి నోటిమాటతో అప్పజెప్పరు. ఏ గంటకి ఏ వాల్వు సతాయించింది, ఏ మోటారు వేడెక్కింది, ఎవరికి ఫోన్ చేశారు, ఏం చేశారు, ఏం మిగిలింది, అన్నీ లాగ్ బుక్కులో పడాలి. రాయకుండా ఇంటికెళ్లినవాణ్ణి వచ్చే షిఫ్టు వాడు నిద్దట్లోంచి లేపి మరీ తిడతాడు.

అలాంటి చోట ఉద్యోగమంతా లాగ్ బుక్కుతో కాపురం చేసి రిటైరైన మనిషి, పింఛను పనిమీద కౌంటర్ దగ్గరికొచ్చి, ‘సర్వర్ డౌన్’ అని విని, మారుమాట్లాడకుండా గొడుగు విప్పుకుని వెళ్లిపోతున్నాడు. కొలిమిని అడగనిచ్చిన ప్రశ్న కంప్యూటర్ని అడగకూడదని ఆయనకి ఎవరు నేర్పారో!

లాగ్‌లు ఎవరూ చదవడం లేదంటే మాత్రం అన్యాయమవుతుంది. చదివేవాళ్లున్నారు, దొంగలు. మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నామని అమెరికాలో ముసలివాళ్లకి ఫోన్ చేసి, మీ కంప్యూటర్లో వైరస్ ఉందని భయపెట్టే మోసం మీరు వినే ఉంటారు. 2012 అక్టోబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి ముఠాల మీద ఒకేసారి ఆరు కేసులు పెట్టింది. వాటిలో ఎక్కువ శాతం మన దేశం నుంచి నడిచినవే అని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఈ మోసంలో పేరుమోసిన మొదటి ఎత్తు ఈవెంట్ వ్యూయర్ తెరిపించడమే. “చూశారా అమ్మా, ఎన్ని ఎర్ర గుర్తులో! పసుపువి లెక్కపెట్టండి.” నిక్షేపంలాంటి కంప్యూటర్‌లోనూ ఆ గుర్తులు డజన్లకొద్దీ ఉంటాయి.  ఆ సంగతి తెలియని పెద్దాయన క్రెడిట్ కార్డు తీస్తాడు. మన పక్కన అచ్యుతాపురంలో 2025 మేలో పోలీసులు పట్టుకున్న కాల్ సెంటర్లలో ఎర వేరు, అక్కడ ఆన్‌లైన్ ఆర్డర్ల పేరు చెప్పి అమెరికన్ల నుంచి గిఫ్టు కార్డులు రాబట్టారు. వృత్తి మాత్రం అదే.

ఎంత చిత్రమో చూడండి. మోసగాడు ఫోనెత్తిన కాసేపటికే లాగ్ తెరుస్తాడు. జీతం తీసుకునేవాడు ఏడాదికోసారి కూడా తెరవడు. మోసగాడికి అందులో డబ్బు కనబడుతుంది. జీతగాడికి బాధ్యత కనబడుతుంది.

అసలు గుట్టంతా అక్కడే ఉంది. ‘సర్వర్ డౌన్’ అనేది నేరస్థుడు లేని నేరం. వానపడినట్టు, తుఫానొచ్చినట్టు అదలా జరిగిపోతుంది. హుద్‌హుద్ తుఫానుని సస్పెండ్ చేస్తామా? అదే లాగ్ తెరిచి చదివారనుకోండి. సర్టిఫికెట్ గడువు తీరిందని ఉంటుంది, రెన్యూ చెయ్యాల్సినవాడు ఒకడుంటాడు. డిస్కు చెడిపోతోందని మూడు వారాలుగా చెబుతున్నానని ఉంటుంది, కొత్త డిస్కు ఫైలు మీద సంతకం పెట్టనివాడు ఒకడుంటాడు. ఎనిమిది మంది పనికి ఇద్దరికి సరిపోయే యంత్రం కొన్నారని తేలుతుంది, కొన్నవాడు ఎక్కడో ప్రమోషనులో ఉంటాడు. ఒక్క కమాండుతో ఇంతమందికి నిద్ర చెడుతుంది. దాని బదులు పెద్దావిణ్ణి రేపు రమ్మంటే ఆవిడ నిద్ర ఒక్కటే చెడుతుంది.

ఎర్రర్ చిట్టా దాచిపెడితే ఎంత దూరం పోతుందో బ్రిటన్ తపాలా శాఖ చూపించింది. ఫుజిట్సు వాళ్ల హొరైజన్ అనే లెక్కల సాఫ్టువేరు 1999 నుంచి అక్కడి చిన్న పోస్టాఫీసుల్లో దిగింది. లెక్కల్లో లోటు చూపించింది. సాఫ్టువేరు తప్పు చెయ్యదు గనక పోస్టుమాస్టరే దొంగ అన్నారు. 900 మందికి పైగా దోషులుగా తేలారు. జైలుకెళ్లినవాళ్లున్నారు, ఇళ్లమ్ముకున్నవాళ్లున్నారు, ప్రాణం తీసుకున్నవాళ్లున్నారు. ఇంతా చేసి, తెలిసిన తప్పుల చిట్టా అని ఒక లాగ్ కంపెనీ దగ్గర ఉండనే ఉంది. దాన్ని కోర్టు మెట్లెక్కించడానికే బాధితులు పోరాడాల్సి వచ్చింది. సాఫ్టువేర్లో లోపాలున్నాయని 2019 డిసెంబరులో జడ్జి తేల్చారు. శిక్షల్ని మూకుమ్మడిగా కొట్టేస్తూ 2024లో పార్లమెంటు చట్టమే చెయ్యాల్సి వచ్చింది.

మరోవైపు 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ ఒక్క అప్‌డేటుతో ప్రపంచమంతటా 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నీలి తెర పాలుచేసింది. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఘోరమైన తప్పే. కాని ఆగస్టులో ఆ కంపెనీ కారణం అచ్చేసి అందరి ముందూ పెట్టింది: ప్రోగ్రాము 21 విలువలు ఎదురుచూస్తే తాము 20 మాత్రమే ఇచ్చామని. సగం ప్రపంచాన్ని పడగొట్టినవాడు ఇరవైకీ ఇరవై ఒకటికీ తేడా ఒప్పుకున్నాడు. మన కౌంటర్ దగ్గర మూడురోజులు బిల్లు కట్టనివ్వని యంత్రం గురించి దొరికే వివరణ ‘టెక్నికల్ ఇష్యూ’.

చట్టం లేదా అంటే ఉంది. కేంద్రం కింద పనిచేసే సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది: కంప్యూటర్ వ్యవస్థలన్నిటి లాగ్‌లూ 180 రోజులపాటు, మన దేశంలోనే, భద్రంగా దాచాలి. సైబర్ దాడి లాంటిది జరిగితే ఆరు గంటల్లో చెప్పాలి. దాచమన్నారు గాని, అప్పుడప్పుడైనా చదవండి అని రాయడం మరిచారు. మనవాళ్లు అక్షరం పొల్లుపోకుండా పాటించే చట్టం ఇది.

నేనడిగేది పెద్ద సంస్కరణేమీ కాదు. ‘సర్వర్ డౌన్’ అని అట్టముక్క మీద రాసి వేలాడదీసే ప్రతి కౌంటరూ దాని కింద రెండు లైన్లు కలపాలి. ఎన్ని గంటలకు పడింది, లాగ్‌లో ఉన్న ఎర్రర్ ఏమిటి. పాస్‌వర్డులూ ఐపీ అడ్రసులూ రాయమనడం లేదు. మూడోరోజు కూడా అదే లైను కనబడితే జనం వాళ్లంతట వాళ్లే లెక్కపెట్టుకుంటారు. లెక్కపెట్టడం ఈ కూడలికి కొత్త కాదు. 2021 ఫిబ్రవరి 12న ప్లాంటు ప్రైవేటీకరణ వద్దంటూ ఇక్కడ మొదలైన ఉక్కు రిలే దీక్షలు 2023 నవంబరులో వెయ్యి రోజులు దాటేదాకా ఊరంతా లెక్కపెట్టింది.

ఈ ప్రతిపాదనకి వచ్చే అభ్యంతరం నాకిప్పుడే వినబడుతోంది. “ఆ ఎర్రర్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయండీ, మన జనానికేం అర్థమవుతాయి?” అంటారు.

మరి ‘సర్వర్ డౌన్’ ఏ తెలుగండీ?