పాతికేళ్ల వారంటీ

పండగ పేరు చెప్పి సోలార్ ప్యానెళ్లకీ తగ్గింపు ధరలొచ్చేశాయి. "సగం ధరకే సార్, పైగా కేంద్రం సబ్సిడీ 78 వేలు మీ ఖాతాలో!" అంటాడు షాపు కుర్రాడు. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు అంత వచ్చేమాట నిజమే. కాకపోతే సెల్ సహా ఇక్కడే తయారైన డీసీఆర్ ప్యానెళ్లకే ఆ భాగ్యం. మరి ఈ సగం ధర సరుకు ఏ బాపతయ్యా అంటే, ప్యానెల్ వెనక్కి తిప్పి 'మేడిన్ ఇండియా' స్టిక్కర్ చూపిస్తాడు. స్టిక్కర్ మాత్రం అచ్చంగా ఇండియాలోనే చేసిందనడంలో సందేహం లేదు!

వారంటీ 25 ఏళ్లట. షాపు బోర్డుకు రంగింకా ఆరలేదు. కిందనుంచి పాత 'సెల్ రిపేర్లు' అక్షరాలు తొంగిచూస్తున్నాయి. వచ్చే ఏడాదికి అక్కడ బిర్యానీ పాయింటు వెలిస్తే, వారంటీ కార్డుకు లెగ్ పీస్ అదనంగా వేస్తారేమో అడగాలి.

మా పక్కింటాయన ఆగలేక బిగించేశాడు. పొద్దున నీళ్ల ట్యాంకు నీడ, సాయంత్రం ఎదురు అపార్ట్‌మెంటు నీడ. మధ్యాహ్నం కాస్త ఎండ తగిలే వేళకి వాళ్లావిడ ప్యానెళ్ల మీద వడియాలు పెడుతోంది. ఆ ఉత్పత్తి మాత్రం బ్రహ్మాండంగా ఉందట.