ఎనిమిది సెకన్ల బండిని ఎనిమిది నెలల్లో కట్టడం ఎలా?

ఈ పనికి కావలసినవి: పాతకాలపు డ్రాగ్ రేసు బండి కిట్ ఒకటి, పదునైన కత్తి, సన్నమొన ట్వీజర్, జిగురు, రంగులు, నొప్పికి అలవాటు పడిన నడుము, ఎవరూ భోంచేయని భోజనాల బల్ల. చివరిది మీ ఇంట్లో లేకపోతే దిగులు పడకండి. ఉన్న బల్లమీద ఒక మూల పాత పేపరు పరిచి మొదలుపెట్టండి. నెల తిరిగేసరికి ఇంట్లోవాళ్లు కంచాలు పట్టుకుని టీవీ ముందుకు వలస పోతారు. బల్ల మీదైపోతుంది.

బండి ఎంపికలో పెద్దగా ఆలోచించక్కర్లేదు. 1960ల తొలినాళ్ల అమెరికన్ స్లింగ్‌షాట్ డ్రాగ్‌స్టర్‌ని మించింది లేదు. పొడుగాటి ఉక్కుగొట్టాల చట్రం, ముందు సన్నటి చక్రాలు, వెనక బండచక్రాలు, మధ్యలో దిసమొలతో నిలబడ్డ ఇంజను. డ్రైవరు కూర్చునేది వెనక ఇరుసుకు కూడా వెనకాల, ఉండేలులో పెట్టిన రాయిలా. గేరు సామగ్రి అంతా ఆయన కాళ్ల మధ్యన. ఇంజనులో ఏది పేలినా ముందుగా తెలిసేది ఆయన మొహానికే. ఈ బండికి మలుపు తిరగడంతో పనిలేదు. పావు మైలు, అంటే 1,320 అడుగులు, తిన్నగా పోవాలి, పక్కవాడికంటే ముందు పోవాలి, ఆ తర్వాత పారాచూట్ విప్పి ఆగాలి. అంతే. మీరు కట్టబోయేది 25వ వంతు నమూనా, జానెడుంటుంది. ఆ లెక్కన రేసు దారి కూడా 16 మీటర్లు ఉండాలి. మీ హాలు చాలదు. ఎలాగూ ఇది కదలదు కాబట్టి ఇబ్బంది లేదు.

కిట్ కొన్నారా? అయితే విప్పకండి. నిజమైన మోడలర్ ముందు పరిశోధన చేస్తాడు. డాన్ గార్లిట్స్ బండి కడదామనుకున్నారనుకోండి. ఆయన ఫ్లోరిడాలోని టాంపాకు చెందిన డ్రాగ్ రేసు డ్రైవరు. తన బండ్లకు స్వాంప్ ర్యాట్ అనే ఒకే పేరు పెట్టి నంబర్లు వేసుకుంటూ పోయాడు. 1964 ఆగస్టు 1న న్యూజెర్సీలోని గ్రేట్ మెడోస్‌లో 7.78 సెకన్లలో పావు మైలు దాటి గంటకు 201.34 మైళ్ల వేగం చూపించాడు. సరే, మీ నమూనా ఆ రోజు బండిదా, ఆ ముందు వారం బండిదా? ఇది చాదస్తపు ప్రశ్న అనుకుంటే మీరింకా మోడలర్ కాలేదన్నమాట. ఆ కాలపు రేసు బండి ఏ రెండు వారాలూ ఒకేలా ఉండేది కాదు. శనివారం పిస్టన్ కరిగితే ఆదివారానికి వేరే ఇంజను ఎక్కేది. రేకు అడ్డమొస్తే కత్తిరించి పారేసేవాళ్లు. కాబట్టి ముందు సంవత్సరం తేల్చండి, తర్వాత తేదీ, తర్వాత ఉదయమా సాయంత్రమా అన్నది. ఆధారాలన్నీ నలుపు తెలుపు ఫొటోలే కనక రంగు గురించి ఎన్నాళ్లయినా వాదించుకోవచ్చు. పక్కన స్టార్టింగ్ దీపాల స్తంభం కూడా పెట్టాలనిపిస్తే జాగ్రత్త. 'క్రిస్మస్ ట్రీ' అనే ఆ దీపాలు వచ్చింది 1963లో. 1961 నాటి బండి పక్కన అది నిలబెడితే, జన్మలో మీ ఇంటికి రాని నిపుణుడు ఆ రోజే వస్తాడు. అంతకుముందు అక్కడ జెండా పట్టుకున్న మనిషి ఉండేవాడు. ఆ మనిషి బొమ్మ కిట్‌లో రాదు.

ఇక పెట్టె విప్పవచ్చు. భాగాలన్నీ ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కుని ఉంటాయి. వాటిని కట్టర్‌తో కోయాలంటారు. మీరు చేత్తో విరవండి. విరిగిన భాగం ఎక్కడికెళ్లిందో వెతుక్కునే వ్యాయామం నడుముకు మంచిది. ముఖ్యంగా స్టీరింగ్ కడ్డీలు, గుండుసూదిలో సగం ఉంటాయి, తివాచీ మీద పడితే ఇక వాటి ఆశ వదులుకోవడమే. అచ్చుల నుంచి వచ్చిన జిడ్డు పోవడానికి భాగాలన్నీ సబ్బునీళ్లలో కడగమని కూడా చెబుతారు. తప్పకుండా కడగండి, సింక్ జాలీ తీసేసి మరీ.

అసలు పనంతా ఇంజనులోనే ఉంది. మిగతా బండి నాలుగు గొట్టాలు, నాలుగు చక్రాలు. ఆ రోజుల్లో ఎక్కువమంది మోజుపడింది క్రైస్లర్ 392 హెమీ మీద. 1957, 58 నాటి పెద్ద సంసారపు కార్లలో వచ్చిన ఇంజను అది. దాని నెత్తిన కూర్చుని గాలిని కుక్కే బ్లోయర్, 6-71 అంటారు, జీఎంసీ డీజిల్ ఇంజన్లది. అంటే చూసినవాళ్ల గుండె జారిపోయే ఆ యంత్రం పైభాగం నిన్నటిదాకా ఏదో లారీలోనో, బస్సులోనో ఊపిరి పీల్చుకున్న సామాను. పాత ఇనప సామాన్ల దుకాణం నుంచి తెచ్చి, బెల్టు బిగించి, పెట్రోలు బదులు నైట్రోమీథేన్ పోసి తోలారు. పొగగొట్టాల్లోంచి మంటలొచ్చేవి. మీ కిట్‌లో మాత్రం ఆ బ్లోయర్ పెళ్లికూతురి వడ్డాణంలా క్రోమ్ పూతతో తళతళలాడుతుంది. నిజం బండిలో అది చాలావరకు మామూలు అల్యూమినియం రంగే. క్రోమ్ వద్దనుకుంటే బ్లీచింగ్ ద్రవంలో నానబెడితే ఊడిపోతుంది. ఉంచాలనుకుంటే, అతికే చోట పూత గీకకుండా జిగురు రాయండి. ప్లాస్టిక్ జిగురు క్రోమ్‌ని పట్టదు కాబట్టి వచ్చిన ప్రతి చుట్టం చేతిలోనూ బ్లోయర్ ఊడి, మాటలు కలపడానికి వీలిస్తుంది.

ఇంజనుకి ప్లగ్ వైర్లు కిట్‌లో ఉండవు. సన్న తీగతో ఎనిమిదీ మీరే వేయాలి, అదీ ఫైరింగ్ ఆర్డర్ ప్రకారం: 1-8-4-3-6-5-7-2. ఈ వరస తప్పితే నష్టమేమిటని అడగకూడదు. ఈ ఇంజను ఎలాగూ స్టార్ట్ కాదు. వరస ఎవరూ చూడరు, చూసినా తెలియదు. అందుకే అర్ధరాత్రి దాకా మేలుకుని సరిచేయాలి. అసలు మెకానిక్కులు చీకట్లో, పెట్రోమాక్స్ వెలుగంత దీపం కింద, ఇరవై నిమిషాల్లో వేసేవారని మాత్రం గుర్తుచేసుకోవద్దు. మనసు చెడుతుంది.

రంగు విషయంలో ఓపికకు చోటివ్వకండి. ప్రైమర్ ఆరకముందే రంగు, అది ఆరకముందే మీ బొటనవేలు. వేలిముద్ర పడితే భద్రంగా ఉంచుకోండి, ఎవరు కట్టారో సాక్ష్యం. ముద్ర మరీ అసహ్యంగా ఉంటే నెయిల్ పాలిష్ రిమూవర్‌తో గట్టిగా తుడవండి. అందులో సాధారణంగా ఉండే అసిటోన్ ఈ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది కనక రంగుతోపాటు బాడీ కూడా పోతుంది, మళ్లీ రంగు వేసే శ్రమ తప్పుతుంది. బాడీ మిగిలితే డెకాల్స్, అంటే పేర్లూ నంబర్లూ ఉన్న స్టిక్కర్లు, అంటించవచ్చు. నీళ్లలో నానేసి, కాగితం మీంచి జార్చి, బండి మీదికి నెట్టాలి. కాలిఫోర్నియాకు చెందిన టోనీ నాన్సీ అనే ఆయన బండి మీద '22 జూనియర్' అని ఉంటుంది. ఆయన వృత్తి కార్లకు సీట్లు కుట్టడం, ప్రవృత్తి వాటిని తగలేసుకుంటూ పరుగెత్తించడం. ఆయన బండ్లను రెవెల్ కంపెనీ కిట్‌గా అచ్చుపోసింది. ఆ కుట్టుపనివాడి సీటుని మీరు ప్లాస్టిక్‌లో నున్నగా వదిలేస్తే ఆయన ఆత్మ క్షోభిస్తుంది, కాబట్టి కుట్లు సూదితో గీయండి.

చక్రాల గురించి ఒక రహస్యం. పాత కిట్లలోని మెత్తటి వినైల్ టైరు ప్లాస్టిక్ రిమ్ముని ఆనుకుని ఏళ్లు గడిపితే, దానిలోని మెత్తదనం రిమ్ములోకి దిగి కరిగించేస్తుంది. మధ్యలో కాస్త రంగో, ఫాయిలో అడ్డు పెడితే ఆగవచ్చు. పెట్టకండి. ఎనిమిది నెలల పనిని టైరే తినేయడం చూసే భాగ్యం అందరికీ రాదు. టైరు మీద మట్టీ మసీ కూడా పూయకండి. ఆ బండ్లు గీత దగ్గర్నుంచి చివరిదాకా టైర్లు పొగలు కక్కుకుంటూ పోయేవి, ఇంజను నూనె కారేది, వెల్డింగ్ గడ్డలు గడ్డలుగా ఉండేది. అలా చేస్తే నమూనా నిజంలా ఉంటుంది, పోటీలో బహుమతి రాదు. జడ్జీలకు ఏ డ్రైవరూ ఎన్నడూ నడపనంత శుభ్రమైన బండి కావాలి.

ఒక తేదీ బండిని మాత్రం కట్టమని చెప్పలేను, వెటకారానికి కూడా. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ స్ట్రిప్‌లో గార్లిట్స్ బండి ట్రాన్స్‌మిషన్ ఆయన కాళ్ల దగ్గరే పేలింది. బండి రెండు ముక్కలైంది. కుడిపాదంలో కొంత పోయింది. కోలుకున్నాక ఆయన ఇంజనుని తన వెనక్కి నెట్టి కొత్త బండి కట్టాడు, దాంతోనే 1971లో పొమోనాలో వింటర్‌నేషనల్స్ పోటీ గెలిచాడు. అప్పటిదాకా వెనక ఇంజను పనికిరాదన్నవాళ్లు కొద్ది ఏళ్లలోనే అదే దారి పట్టారు. స్లింగ్‌షాట్ల కథ అక్కడితో సరి. మనం ముచ్చటపడి కట్టే ఆ అందమైన కూర్పు, ఎదురుగా ఇంజను, వెనక మనిషి, నిజానికి డ్రైవర్లు ప్రాణాలకు తెగించి కూర్చున్న చోటు. ఆ తప్పు తెలియడానికి ఒకడి పాదం ఖర్చైంది.

పని పూర్తయ్యాక గాజుపెట్టెలో పెట్టి, పక్కనే తేదీ రాసిన చీటీ ఉంచండి. తర్వాత అమ్మేద్దామని మాత్రం లెక్కలు కట్టకండి. పాత కిట్లలో సీలు విప్పని పెట్టెకే ధర ఎక్కువ. మీరు కష్టపడిన ప్రతి గంటా దాని విలువ తగ్గిస్తూనే వచ్చింది.

అట్లాంటా నుంచి ఓర్లాండో డిస్నీకి పిల్లల్ని కారులో తీసుకెళ్లే మనవాళ్లకు ఒక మాట. దారిలో ఫ్లోరిడాలోని ఓకాలా దగ్గర, ఐ-75 పక్కనే గార్లిట్స్ మ్యూజియం ఉంది. 1984లో తెరిచారు, అసలు స్వాంప్ ర్యాట్లు వరసగా ఉంటాయి. ఒక పూట ఆగండి. వంగి ఆ వెల్డింగ్ చూడండి, ఎంత మోటుగా ఉందో. మీ నమూనాని మాత్రం వెంట తీసుకెళ్లకండి.