ఐదింటి అలారం

జనవరి 1న కొన్న డైరీ సంక్రాంతికల్లా పాల లెక్కకు దిగింది. ఐదింటి అలారం ఏడింటి దాకా మోగుతోంది. లేచేది మాత్రం పక్కింటాయన. పనులు గుర్తుచేసే యాప్‌లు మూడున్నాయి, వాటిని చూడమని గుర్తుచేసేదే లేదు. మా బనగానపల్లెలోనే ఒకప్పుడు ఆవులు దాటిపోకుండా వాటి చుట్టూ గీత గీసి, రవ్వలకొండ గుహలో కూర్చుని వీరబ్రహ్మంగారు తాటాకుల మీద కాలజ్ఞానం రాశారంటారు. మనకేమో రేపటి మూడు పనులు చీటీ మీద రాసుకుని, ఫోన్ అవతలి గదిలో పెట్టి పడుకోవడమే గగనం. పైగా "ఇంత చిన్న మార్పుతో ఏమొస్తాదన్నా?" అని పెదవి విరుపొకటి! యాగంటి రాతి బసవన్న లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారు చెప్పారట. మనం లేస్తామని మాత్రం ఎక్కడా చెప్పలేదు.